స్పీకర్లు మార్చే ముందు కుర్చీ జరపండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మూడేళ్లలో రెండు జతల స్పీకర్లు మార్చాను. మా ముందు గది పన్నెండడుగులకు పన్నెండడుగులు, పైన స్లాబు, కింద టైల్స్. స్పీకర్లు రెండు మూలల్లో ఉన్నాయి. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే బేస్ గుమ్మని చెవులు పట్టేస్తోంది. గది నడుమ కుర్చీ వేసుకుంటే అదే పాటలో బేస్ ఎటు పోయిందో తెలియదు. షాపాయన పన్నెండంగుళాల ఊఫర్ కొనమంటున్నాడు. అసలు లోపం లేని స్పీకర్ అంటూ ఉందా? – ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, పైసలు జేబులోనే ఉండనీయండి. మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ "పన్నెండుకు పన్నెండు" దగ్గరే ఉంది.

పన్నెండడుగులంటే 3.66 మీటర్లు. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 ఊపుల స్వరానికి, సగం అల మీ గోడల మధ్య సరిగ్గా ఇమిడి అక్కడే నిలబడిపోతుంది. గోడల దగ్గర మోత, నడుమ దాదాపు సున్నా. పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి రెండు వైపులా అదే స్వరం పట్టుకుంటుంది. పైగా స్పీకర్లు మూలల్లో ఉన్నాయి, అంటే దానికి ఇంకా ఊతం ఇస్తున్నారు. పన్నెండంగుళాల ఊఫర్ తెస్తే ఆ గుమ్మే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే.

నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో మునుగోడు వైపు నుంచి ఒకాయన కుండ మూతి మీద ఎనిమిదంగుళాల స్పీకర్ బిగించి తెచ్చాడు. ఆ కాలంలో మన ఊళ్లలో ఇది మామూలే. స్పీకర్ అట్ట ముందున్న గాలిని నెట్టినప్పుడు వెనక గాలి పలచనవుతుంది. ఏ పెట్టే లేకుండా ఉంచితే ఆ రెండూ అంచు చుట్టూ కలిసిపోయి బేస్ చచ్చిపోతుంది. కుండ వాటిని విడదీస్తుంది. ఆయన బాధ ఏమిటంటే, పాత కుండ పగిలితే పెద్ద కుండ కొన్నాడు, అప్పటి నుంచి ప్రతి పాటా ఒకటే మూలుగులా ఉంది. మా ఉస్తాద్ కుండ కడుపు మీద వేలితో కొట్టి, "పాటలో ఇదే స్వరం వింటున్నావు, చూడు" అన్నాడు. నిజమే. కుండ తన పాట తాను పాడుతోంది.

పెట్టె కొలతలకు లెక్క ఉంటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేడు మనం వాడే అట్ట స్పీకర్‌కు 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు దారి వేశారు. 1954లో ఎడ్గార్ విల్‌చర్ చిన్న పెట్టెను గాలి పోకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. 1961లో నెవిల్ థీల్, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఏ స్పీకర్‌కు ఎంత పెట్టె కావాలో కాగితం మీదే తేల్చే సూత్రాలు ఇచ్చారు. అవి తెలియక నేను అంచనాతో ఎన్ని ప్లైవుడ్ షీట్లు పాడుచేశానో!

ఇక లోపం లేని స్పీకర్ సంగతి. కెనడాలో ఫ్లాయిడ్ టూల్ అనే ధ్వని శాస్త్రవేత్త తెర వెనక స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. పేరూ ధరా కనబడకపోతే ఎక్కువ మంది మెచ్చింది ఒకే తరహా స్పీకర్లను: ఎదురుగా హెచ్చుతగ్గులు లేకుండా, పక్కలకు పోయే ధ్వని కూడా నున్నగా ఉన్నవాటిని. ఆ పక్క ధ్వనే గోడకు తగిలి మీ చెవికి చేరుతుంది మరి. అలాంటి స్పీకర్ తెచ్చుకున్నా, కింది బేస్ మాత్రం మీ గది చెప్పినట్టే వింటుంది.

కాబట్టి ఈ ఆదివారం ఈ పని చేయండి. స్పీకర్లను మూలల నుంచి ఇవతలికి లాగండి. వెనక గోడకు రెండడుగులు, పక్క గోడకు మూడడుగులు వదలండి, రెండు దూరాలూ ఒకటి కాకూడదు. కుర్చీ వెనక గోడకు నాలుగున్నర అడుగుల ముందు వేసుకుని అటో జానెడు ఇటో జానెడు జరిపి వినండి. నడవడానికి దారి లేదని ఇంట్లో గొడవైతే టైల్స్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుని వినేటప్పుడే జరుపుకోండి, నేనూ అదే చేస్తాను. మాటలు గణగణమంటుంటే పక్క గోడలకు పాలమూరు గొంగడి వేలాడదీయండి, బాగా పనిచేస్తుంది. బేస్‌కు మాత్రం గొంగడి చాలదు. ఆ అల పొడవే ఇరవై నాలుగడుగులు.

ప్రశ్న: స్పీకర్ వైరు మీటరు రెండు వేలు చెబుతున్నారు. కొనాలా? – ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: వద్దు. పది పదిహేను అడుగుల దూరానికి ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. ప్లస్, మైనస్ మాత్రం రెండు స్పీకర్లకూ ఒకేలా ఉండాలి. మా ఇంట్లో ఒకదానికి తారుమారు చేసి, బేస్ రావట్లేదని మూడు రోజులు ఆంప్లిఫయర్ విప్పి కూర్చున్నాను.