మొదటిది ఒక్కటే మార్చాలంటే

తల్లీ,

లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ మ్యాథమెటికాలో స్లాష్-డాట్ (/.) పెడితే రూల్‌కి (దేన్ని దేనితో మార్చాలో చెప్పేది) సరిపడేవన్నీ మారిపోతున్నాయని, మొదటిది ఒక్కటే ఎలా మార్చాలని రాశావు. అది రీప్లేస్‌ఆల్, దాని పనే అంత. స్ట్రింగ్ (అక్షరాల వరస) అయితే స్ట్రింగ్‌రీప్లేస్‌కి చివర 1 ఇస్తే మొదటిదే మార్చి ఊరుకునేది. రీప్లేస్‌ఆల్‌కి అలా లెక్క చెప్పే వీలు లేదు.

నీది లోపల మరో లిస్ట్ లేని మామూలు లిస్ట్ అయితే రీప్లేస్ వాడు. ప్యాటర్న్‌లో (రూల్‌లో వెతకాల్సిన ఆకారం) నీకు కావలసినదానికి అటూ ఇటూ మూడేసి అండర్‌స్కోర్లతో చెరో పేరు పెట్టు, మూడు అండర్‌స్కోర్లంటే అక్కడ ఏమీ లేకపోయినా, ఎన్ని ఉన్నా సరే అని. ముందున్న పేరు వీలైనంత తక్కువతో మొదలుపెడుతుంది కాబట్టి మొదటిదే దొరుకుతుంది.

లోతుగా ఉన్న ఎక్స్‌ప్రెషన్ అయితే ఫస్ట్‌పొజిషన్‌తో చోటు పట్టుకుని, అక్కడ రీప్లేస్‌ఎట్‌తో రూల్ నడుపు. రీప్లేస్‌ఎట్ 2022లో 13.1 వెర్షన్‌తో వచ్చింది. ఆఫీసులో అంతకంటే పాతది ఉంటే రీప్లేస్‌పార్ట్ ఉండనే ఉంది, కాకపోతే అది రూల్ నడపదు, ఆ చోట నువ్విచ్చిన విలువ పెడుతుందంతే. ఏదీ దొరక్కపోతే ఫస్ట్‌పొజిషన్ మిస్సింగ్ అని ఇస్తుంది. అది చూసుకోకుండా ముందుకు పోకు.

అసలు టెన్షన్ ఇక్కడ కాదు. నీ దృష్టిలో మొదటిది వేరు, మెషీన్ దృష్టిలో మొదటిది వేరు. నువ్వు సి + బి + ఏ అని టైప్ చేస్తే అది ఏ + బి + సి గా సర్దేస్తుంది. అందులో మొదటి సింబల్ ఏదని ఫస్ట్‌పొజిషన్‌ని అడిగితే ఏ కూడా రాదు, సున్నా స్థానంలో కూర్చున్న ప్లస్ వస్తుంది! ఆ సున్నా స్థానంలోవాటిని హెడ్స్ అంటారు, హెడ్స్ ఆప్షన్‌ని ఫాల్స్ చేస్తేనే ఏ వస్తుంది. ఒకటి బై రూట్ ఎక్స్‌లో అయితే రూట్ ఎక్స్ అసలు దొరకదు, లోపల అది ఎక్స్ పవర్ మైనస్ అర. అందుకే రూల్ రాసేముందు లోపలి అసలు రూపం చూపే ఫుల్‌ఫార్మ్ చూడు. ఈ అలవాటు లేనివాళ్లు గంటలకొద్దీ రూల్‌నే తిట్టుకుంటారు.

ఇంకో చిక్కు: ఎఫ్ అనే ఫంక్షన్ లోపల మళ్లీ ఎఫ్ ఉంటే ఫస్ట్‌పొజిషన్ లోపలిదాన్ని ముందు పట్టుకుంటుంది, స్లాష్-డాట్ బయటిదాన్ని. నీకు బయటిదే కావాలంటే స్లాష్-డాటే ఉంచి, మాడ్యూల్‌లో (సొంత వేరియబుల్స్ పెట్టుకునే చోటు) సున్నాతో ఒక కౌంటర్ మొదలుపెట్టి, అది సున్నాగా ఉంటేనే మ్యాచ్ అయ్యేలా షరతు పెట్టు. కౌంటర్ పెంచడం కూడా ఆ షరతులోనే, ప్యాటర్న్ వైపే జరగాలి. రూల్‌లో కుడివైపు, అంటే కొత్త విలువ వైపు, పెంచితే లాభం లేదు. మార్పులన్నీ అయిపోయాకే అటువైపు లెక్క నడుస్తుంది, అప్పటికి అన్నీ మారిపోయి ఉంటాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న