సిగ్నల్ దగ్గర ఆగితే కారు ఏసీ వేడి గాలి కొడుతోంది, కదిలితే చల్లబడుతోంది. ఎందుకు?

ముందు కండెన్సర్ (రేడియేటర్ ముందుండి ఏసీ గ్యాస్ వేడిని బయటకు వదిలే జాలీ) ఫ్యాన్‌ని అనుమానించండి. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది. అది తిరగకపోయినా, నీరసంగా తిరిగినా వేడి బయటకు పోదు, గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, చాలా బండ్లలో ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌నే (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపుని) ఆపేస్తుంది.

బానెట్ ఎత్తి, ఏసీ వేసి ఫ్యాన్ చూడండి. చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి, అది ఎప్పుడైనా ఒక్కసారిగా తిరగొచ్చు. తర్వాత బండి ఆగి ఉండగానే కండెన్సర్ మీద పైపుతో సన్నగా నీళ్లు చల్లండి. రెండు మూడు నిమిషాల్లో గాలి చల్లబడితే లోపం గాలి ప్రవాహంలోనే: ఫ్యాన్ మోటార్, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్), ఫ్యూజ్, లేదా కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య పేరుకున్న దుమ్ము. ఆ సందులో పురుగులు, ఎండాకులు గట్టిగా అట్టకట్టి ఉంటాయి, ముందు నుంచి చూస్తే కనబడవు. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడా పైకెక్కుతుంటే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.

నీళ్లతో తేడా రాకుండా, నిలబెట్టే రేస్ 1500 ఆర్‌పీఎంకి పెంచితే చల్లబడుతోందా? అయితే గ్యాస్ తగ్గిందో, కంప్రెసర్ అరిగిందో అయ్యుండాలి. మెకానిక్ చేత ప్రెషర్ గేజ్ పెట్టిస్తే తేలిపోతుంది. లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లే వైపు), హై సైడ్ (బయటకొచ్చే వైపు) రెండింట్లోనూ ప్రెషర్ తక్కువుంటే చాలావరకు గ్యాస్ తక్కువే. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉంటే కంప్రెసర్ మీద అనుమానం.

లీక్ ఎక్కడో వెతక్కుండా గ్యాస్ మాత్రం నింపించకండి, దయచేసి. అది దానంతటది ఖర్చయ్యేది కాదు.