టెక్ సందేహాలు: అయిదు కిలోలు మోస్తుందన్న స్టాండ్ ఎందుకు వాలుతోంది?

ప్రశ్న: ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్నాను. ఒకటిన్నర కిలోల ఫ్లాష్‌కు 120 సెం.మీ. సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలిస్తే లైటు స్టాండ్ ముందుకు వాలుతోంది. అయిదు కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉంది. ఇంకా ఎక్కువ బరువు మోసేది కొనాలా?

జవాబు: పెట్టె మీది అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ అది గొట్టం నెత్తిన నిటారుగా కూర్చునే బరువుకు సంబంధించిన లెక్క. సాఫ్ట్‌బాక్స్ అలా కూర్చోదు, ముందుకు వేలాడుతుంది. దాని భారం స్టాండ్ నుంచి 20 సెం.మీ. దూరంలో కాక 40 సెం.మీ. దూరంలో పడితే, అదే బరువు స్టాండ్‌ను రెట్టింపు బలంతో లాగుతుంది. అందుకే కిలోల అంకెను పక్కన పెట్టి కాళ్లు ఎంత వెడల్పుగా పరుచుకుంటాయో, అన్నిటికన్నా పై గొట్టం ఎంత లావుగా ఉందో చూడండి. పై గొట్టం పెన్సిల్‌లా సన్నగా ఉంటే ఆ స్టాండ్ నాకు నచ్చదు, అది ఎంత ఎత్తుకు లేచినా సరే.

ఎత్తు విషయంలో చిన్న కిటుకు ఉంది. మీకు రెండు మీటర్లు చాలనుకుంటే రెండున్నర మీటర్లు దాటేది తీసుకోండి. అప్పుడు సన్నటి చివరి గొట్టాన్ని బయటికి లాగకుండానే పని జరిగిపోతుంది. ఊళ్లు తిరిగేవారికి అల్యూమినియం సుఖం. గదిలో కదలకుండా ఉండే స్టాండ్‌కు మాత్రం ఉక్కు బరువే బలం. సినిమా సెట్లలో కనిపించే సి-స్టాండ్ అందుకే అంత నమ్మకంగా నిలబడుతుంది. దానికి అడ్డ చేయి బిగిస్తే, లైటు బరువుకు నాబ్ (తిప్పి బిగించే పిడి) వదులయ్యే వైపు కాక మరింత బిగుసుకునే వైపే చేయి ఉండాలి. దీన్ని మరిచిపోయేవారే ఎక్కువ.

కొనడానికి ముందు ఉన్న స్టాండ్‌నే సరిచేసి చూడండి. ఒక కాలు సరిగ్గా సాఫ్ట్‌బాక్స్ కిందికి వచ్చేలా తిప్పండి. మధ్య గొట్టం నేలకు తగలనంత మేరకు కాళ్లు బాగా పరవండి. కాలి మీద ఇసుక సంచి వేలాడదీయండి. సంచి నేలను ఆనితే దాని బరువు నేలకే పోతుంది, స్టాండ్‌కు దక్కదు. చాలామందికి ఇంతటితో సమస్య తీరుతుంది.

అప్పటికీ కొనాల్సి వస్తే దుకాణంలోనే మీకు కావలసినంత ఎత్తుకు లేపి, నాబ్‌లు మామూలుగా బిగించి, పై కొనను పట్టుకుని కిందికి నొక్కండి, అటూ ఇటూ మెలిపెట్టండి. గొట్టం జారినా, కీళ్ల దగ్గర గడగడలాడినా వద్దు.

ప్రశ్న: ఎయిర్ కుషన్ ఉన్న స్టాండ్ గట్టిగా ఉంటుందా?

జవాబు: గట్టితనానికీ దానికీ సంబంధం లేదు. నాబ్ పొరపాటున వదులైతే లోపలి గాలి గొట్టాన్ని మెల్లగా దిగనిస్తుంది. లైటు, మీ వేళ్లు రెండూ బతుకుతాయి. స్ప్రింగు రకంలో గొట్టం వేగంగానే దిగుతుంది, అడుగుకు చేరాక దెబ్బ మాత్రం తగ్గుతుంది. బరువైన లైట్లకు నా ఓటు గాలికే.

ప్రశ్న: పాత లైటు కొత్త స్టాండ్‌కు సరిపోతుందా?

జవాబు: సాధారణంగా సరిపోతుంది. స్టూడియో లైట్లలో ఎక్కువ వాటికి 16 మి.మీ. పిన్ను పట్టే రంధ్రం ఉంటుంది. స్టాండ్ కొనన ఆ పిన్ను, దాని మీద పావు అంగుళం లేదా 3/8 అంగుళం మర ఉంటాయి. మర తేడా వస్తే చిన్న అడాప్టర్ చాలు.