యజమాని మారితే వార్త మారుతుందా?

ప్రశ్న: ఎన్డీటీవీ న్యూస్ ఛానల్ చేతులు మారినప్పుడు అంత గొడవ ఎందుకైంది? యజమాని ఎవరైతే ఏంటి, వార్త రాసేది విలేకరే కదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, రాసేది విలేకరే. అచ్చవుతుందో లేదో తేల్చేది వేరేవాళ్లు. నేను జిల్లా డెస్కులో పన్నెండేళ్లు పనిచేశాను. ఓ రాత్రి ఒక కాలేజీ హాస్టల్లో పిల్లలకు ఫుడ్ పాయిజన్ అయిన వార్త పేజీలో పెట్టాను. ఆసుపత్రి వరండాలో సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డ తల్లి ఫొటో కూడా ఉంది. పదిన్నరకి ఆఫీసు నుంచి ఫోన్. "ఆదివారం వాళ్ల ఫుల్ పేజీ యాడ్ ఉంది, చూసుకో." వార్త తీసేశాను. ఆ తల్లి ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఒక్క యాడ్‌కే అలా అయితే, యజమాన్యమే మారితే? ఎన్డీటీవీ వ్యవస్థాపకుల కంపెనీ 2009–10లో వీసీపీఎల్ అనే సంస్థ దగ్గర 403 కోట్లకు పైగా అప్పు తీసుకుంది. ఆ అప్పును ఆ కంపెనీలో వాటాలుగా మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఏకంగా వీసీపీఎల్‌నే కొనేసింది. ఏడాది చివరికి ఛానల్లో వాళ్ల వాటా 64 శాతం దాటింది. ఈలోపే, నవంబరు 30న, ఆ ఛానల్ హిందీ యాంకర్ రవీశ్ కుమార్ రాజీనామా చేశారు.

మన కృష్ణపట్నం, గంగవరం రేవులు ఆ గ్రూపువే. రేవులు, విమానాశ్రయాలు, కరెంటు అన్నీ ప్రభుత్వ అనుమతులతో నడిచేవి. ఆ అనుమతులపై వార్త వస్తే పదిన్నరకి ఫోన్ కూడా అక్కర్లేదు, డెస్కులో కుర్రాడే ముందుగా పక్కన పెట్టేస్తాడు. నా భయం అదే.

మీరు ఓ వారం ఒకే వార్తను రెండు పేపర్లలో చదవండి. ఒకదాంట్లో ఉండి, రెండోదాంట్లో లేని పేరు ఎవరిదో చూడండి.