అమ్మ యాసలో రాస్తే జనం నవ్వుతారా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది, సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకి అమ్మ గురించి నాలుగు పేజీల చిన్న పుస్తకం ఇద్దాం అనుకున్నాం, రాసే పని నా నెత్తిన పడింది. అమ్మది టెక్కలి పక్క పల్లెటూరు, 1968లో పెళ్లయి చిన్న రైలెక్కి ఇక్కడికొచ్చింది, ఒడియా ఒక్క ముక్క రాదు, నూతి దగ్గర ఆడవాళ్ల నోట విని నేర్చుకుంది. అప్పుడు మాది గంజాం జిల్లా, 1992లో గజపతి జిల్లా చేశారు, "ఇల్లు కదల్నేదు గానీ జిల్లా మారిపోనాది" అని నవ్వేది. నలుగురు పిల్లల్ని పెంచింది. ఇప్పుడు నా బాధేంటంటే పెన్ను పట్టుకుంటే "త్యాగమూర్తి, అనురాగ దేవత" తప్ప ఇంకేం రావట్లేదు. సూరత్‌లో ఉన్న అన్నయ్యేమో పుస్తకం అన్నాక భాష గౌరవంగా ఉండాలి, అమ్మ మాట్లాడినట్టు ఏటి (ఏమిటి), బేగి (త్వరగా) అని రాస్తే జనం నవ్వుతారు అంటాడు. ఇంకోటి, మా ఇళ్లల్లో పిల్లలంతా ఒడియా మీడియం, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మా పిన్నితో అమ్మకి రెండేళ్లు మాటల్లేవు, అది రాయొచ్చా? (అమ్మ మరీ గొప్ప మనిషేం కాదండీ, పొద్దుటి బండి కూత వినపడితే ఎసట్లో బియ్యం పోసేది, మార్గశిర లక్ష్మివారాలు గుమ్మంలో రెండు రకాల ముగ్గులు వేసేది, అంతే.)
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆ "అంతే" చూసి నాకు నవ్వొచ్చిందమ్మా, ఉత్తరం అంతటికీ పనికొచ్చే సరుకు మీరు బ్రాకెట్లో పడేశారు. త్యాగమూర్తి అన్న మాట మీ వీధిలో ఎవరి ఫ్లెక్సీ మీదైనా సరిపోతుంది, ఫోటో మారిస్తే చాలు. రైలు కూతకి బియ్యం పోసే మనిషి మాత్రం మీ అమ్మగారే. అదే రైలు ఆవిణ్ణి కోడలిగా తెచ్చి మీ ఊళ్లో దింపింది కదా, మీ ఊరి మీదుగా వెళ్లే ఆ నౌపడా గుణుపురం లైను 1900లో మొదలైంది, పెద్ద లైను (బ్రాడ్‌గేజి) వేయడానికి 2004లో చిన్న రైలు ఆపేశారు. మరి కూత లేని ఆ రోజుల్లో మీ ఇంట్లో అన్నం ఎప్పుడుడికింది? గోడ గడియారం చూసేదా, పక్కింటావిడని అడిగేదా, లేక నాన్నగారు ఆకలి అని కేకేస్తే అప్పుడు పోసేదా? ఇది మీకు గుర్తు లేకపోతే అన్నయ్యని అడగండి, ఆయనకి ఆకలి గుర్తుండే ఉంటుంది.

రెండు ముగ్గుల సంగతి ఇంకా బాగుంది. మార్గశిరంలో మన ఇళ్లల్లో లక్ష్మివారం నోము, ఒడియా వాళ్ల ఇళ్లల్లో అదే వారం మాణబసా, మాణ అనే కొలపాత్రలో కొత్త ధాన్యం పోసి లక్ష్మిని నిలబెడతారు, గుమ్మం నుంచి లోపలిదాకా తడి బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేస్తారు, లక్ష్మి పాదాలు, వరి కంకులు అలా. మీ అమ్మగారు చుక్కల ముగ్గు పుట్టింటి నుంచి తెచ్చుకుని ఉంటారు, మరి ఝోటి ఎవరు నేర్పారు? అత్తగారా, నూతి దగ్గర స్నేహితురాలా? ఆవిడ ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లండి, సంవత్సరీకం అయ్యాక చూద్దాం అనుకోకండి. వెళ్లి "మా అమ్మ ఎలాంటిది" అని మాత్రం అడగొద్దు, అలా అడిగితే ఎవరైనా దేవత అనే అంటారు, పాపం వాళ్ల తప్పేం లేదు. మొదటిసారి ఎప్పుడు చూశావు, ఒడియాలో ఏం తప్పు మాట్లాడింది, నీ మీద ఎప్పుడు కోప్పడింది, ఇలా అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. అమ్మగారి గొంతున్న వాట్సాప్ మెసేజీలు ఎవరి దగ్గరున్నా వాటిని కూడా తీసి ఇంకోచోట కాపీ పెట్టండి, ఫోన్ పోతే అవీ పోతాయి.

ఇక భాష. మీ అన్నయ్యకి ఒక్క మాట చెప్పండి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఏళ్ల తరబడి ఉండి పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పండితులందరితో తగువు పెట్టుకుంది ఆయనే, చుట్టుపక్కల సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూడా తయారు చేశాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. అలాంటి ఊళ్లో పుట్టి "బేగి" అని రాయడానికి సిగ్గేంటి? మీ మాటలు మామూలు తెలుగులో రాయండి, అమ్మగారి మాటలు మాత్రం ఆవిడ నోట వచ్చినట్టే ఉంచండి. "మారిపోనాది"ని దిద్ది "మారిపోయింది" చేస్తే చుట్టాలకి ఆవిడ గొంతు వినపడదు.

పిన్ని సంగతి... రాయండి, కానీ ఆవిడ బతికుంటే ముందు చదివి వినిపించండి. వద్దంటే తీసేయండి, చనిపోయినవాళ్ల పుస్తకం కోసం ఉన్నవాళ్ల మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు. నా అనుమానం ఏంటంటే ఆవిడ ఏడ్చి, మళ్లీ మాటలు ఎలా కలిశాయో తనే చెప్తుంది, మీకు ఇంకో పేజీ దొరుకుతుంది. మా ఇంట్లో ఇలాంటి తగువు ఒకటి ఆవకాయ జాడీ దగ్గర మొదలై ఆవకాయ జాడీ దగ్గరే తెగింది, అదో పెద్ద కథలెండి.

పిల్లల కోసం ఒడియాలోకి మార్చకండి, వాళ్లకి మన మాట అర్థమవుతుంది, రానిది అక్షరాలే కదా. తెలుగు మాటల్నే ఒడియా లిపిలో రాసి వెనక పేజీల్లో పెట్టండి. చిన్న చిక్కులుంటాయి, ఒడియాలో ఎ ఏ లకి ఒకటే అక్షరం, ఒ ఓ లకీ అంతే, కాబట్టి మెడకీ మేడకీ ఒకటే రాత, అమ్మ మెడలో గొలుసు మేడలో గొలుసు అయిపోతుంది. వాక్యాన్ని బట్టి సరిచేసుకుంటార్లెండి, మొదటిసారి మాత్రం మీరు పక్కన కూర్చుని చదివించండి. ఇంకోటి, ఒడియాలో అ ని ఒ లాగా పలుకుతారు కదా, అందుకని "అమ్మ" అన్నచోటల్లా దీర్ఘాలు పెట్టి "ఆమ్మా" అని రాయండి, లేకపోతే మనవలు పుస్తకం తెరవగానే "ఒమ్మొ" అని చదువుతారు.