పెట్టెలు సర్దాక డాబా ఎక్కించి చూడు

ప్రశ్న: అప్పా, మాది నరసన్నపేట. జూన్ నెలాఖరుకి చదువు కోసం మెల్‌బోర్న్ వస్తున్నాను. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి, అదీ ఒక్కదాన్నే. ఇంట్లో అప్పుడే మూడు పెట్టెలు నిండిపోయాయి. ఏం తెచ్చుకోవాలి, ఏం మానాలి?

జవాబు: "అప్పా" అని పిలిపించుకుని ఎన్నాళ్లయిందో! ఇక్కడి తెలుగువాళ్లంతా "అక్కా" అంటారు. మనవైపు గుంట, అంటే మన పిల్ల, వస్తోందని సంబరపడ్డాను గానీ, మూడు పెట్టెలనేసరికి నవ్వొచ్చింది.

2011లో నేను బయల్దేరిన రోజు ఆమదాలవలస స్టేషన్‌కి పదకొండు మంది వచ్చారు. పెట్టెలు ఎవరెక్కించారో కూడా నేను చూళ్లేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా నాన్న, అక్కణ్ణుంచి మావయ్య. శంషాబాద్‌లో అద్దాల తలుపు దాటాకే ఆ రెండు పెట్టెలూ నావని తెలిసింది. కౌంటర్ దగ్గర తూకం ఆరు కిలోలు ఎక్కువొచ్చింది. అందరి ముందూ నేల మీద పెట్టె విప్పి, లంగాల మధ్య నుంచి కుక్కరు బయటికి లాగాను. ఆ సిగ్గు ఇంకా గుర్తే.

అందుకే నీకు కిలోల లెక్క కంటే ముందు ఒక పరీక్ష చెబుతాను. సర్దడం అయ్యాక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా అన్నీ ఒకేసారి మీ డాబా మీదికి ఎక్కించు. మిగిలినవాటి కోసం మళ్లీ కిందికి దిగాల్సి వచ్చిందా, ఎక్కువైనట్టే. తోడుంటే "కాస్త చూస్తుండు" అని బాత్రూమ్‌కి వెళ్లొస్తాం. ఒక్కదానివే అయితే పెట్టెలతో పాటే లోపలికి దూరాలి. టుల్లమరీన్ ఎయిర్‌పోర్టు నుంచి సదరన్ క్రాస్ స్టేషన్‌కి స్కైబస్ ఉంది, ఫరవాలేదు. ఆ తర్వాత రైలు, వీధి, చివరికి ఏ లిఫ్టూ లేని అద్దె ఇల్లు. ఒక పెట్టె పైకి చేర్చేసరికి రెండోది రోడ్డు మీద ఉంటుంది.

ఇక తిండి. ఆస్ట్రేలియావాళ్లు ఈ విషయంలో బాగా కచ్చితం. దిగేముందు నింపే కార్డులో తిండి, గింజలు, చెక్క వస్తువులు ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నాయని రాసేయ్. రాసినవి చూసి వదిలేస్తారు, లేదా తీసి పారేస్తారు, అంతే. దాచి దొరికిపోతే జరిమానా వేల డాలర్లలోకి పోవచ్చు, వీసా రద్దు చేసే అధికారం కూడా వాళ్లకుంది. మందస కోవా పాలతో చేసింది కాబట్టి ఆశ వదులుకో. అరసవల్లి నుంచి పూలు, పళ్లు వద్దు. బొబ్బిలి వీణ బొమ్మ ఎవరికైనా ఇద్దామనుకుంటే అది చెక్క కదా, రాయాల్సిందే. వేయించిన పలాస జీడిపప్పు నేను ప్రతిసారీ తెస్తాను, రాస్తాను, ఇంతవరకూ వదిలేశారు. ఉద్దానం ఎండుకొబ్బరి మాత్రం మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి అంటుకోగల సరుకని లెక్క.

పక్కింటి పిన్నిగారు "మా వాడికివ్వమ్మా" అంటూ గుడ్డలో కుట్టి తెచ్చిన మూట సంగతి వేరు. పెట్టెలో ఉన్నవన్నిటికీ జవాబుదారీ నువ్వే. ఆవిడ ముందే విప్పి చూడు. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. కోపగించుకుంటారు, రెండు పండగలు పోతే మర్చిపోతారు.

బట్టల విషయంలో మనవాళ్లు పొరబడేది రుతువు దగ్గర. జూన్, జులై ఇక్కడ చలికాలం. పొందూరు ఖద్దరు ఒక్క జత చాలు. ఉన్నవాటిలో బరువైన స్వెట్టరు, బూట్లు వేసుకునే విమానం ఎక్కు, ఆ మేరకు పెట్టె తేలికవుతుంది. కోటు ఇక్కడే కొనుక్కో. సేవాసంస్థలు నడిపే సెకండ్‌హ్యాండ్ కొట్లుంటాయి, ఆప్ షాపులంటారు. నా మొదటి కోటు అక్కడిదే, ఇప్పటికీ వేసుకుంటున్నాను.

చేతి సంచి చాలా విమానాల్లో ఏడు కిలోలే. పాస్‌పోర్టు, వీసా కాగితం, కాలేజీ కాగితాలు, ఒకరోజు బట్టలు, డాక్టర్ చీటీతో మందులు, పవర్‌బ్యాంకు అందులోనే ఉండాలి. పవర్‌బ్యాంకు కింద లోడ్ చేసే పెట్టెలో పెట్టనివ్వరు. ఒక పెన్ను కూడా పెట్టుకో, కార్డు నింపేటప్పుడు విమానమంతా పెన్ను కోసం వెతుక్కుంటుంది. కరెంటు 230 వోల్టులే గానీ ప్లగ్గు పిన్నులు వేరు, ఒక అడాప్టర్ కొనుక్కో. మన సిమ్ పారేయకు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి.

కుక్కరు గురించి అడగలేదు గానీ మీ అమ్మగారు ఈపాటికి పెట్టేసే ఉంటారు. మెల్‌బోర్న్ శివార్లలోని డాండెనాంగ్‌లో మన కొట్లున్నాయి, కందిపప్పు దగ్గర్నుంచి కుక్కరు దాకా దొరుకుతాయని చెప్పు. నమ్మకపోతే ఫోన్ చేయించు, నేను మాట్లాడతాను.