జైల్లో ఉన్న తమ్ముడు డిగ్రీ చదవాలంటే

ప్రశ్న: మా తమ్ముడు చర్లపల్లి జైల్లో ఉన్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఇంటర్ పాసయ్యాడు, డిగ్రీ కడతానంటున్నాడు. శిక్ష పడకముందే కుదురుతుందా? ఇంటి నుంచి మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, మౌలాలి

జవాబు: కుదురుతుంది. రిమాండ్‌లో ఉన్నవాళ్లూ దూరవిద్యలో చేరొచ్చు. ముందుగా ఆయన జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ రాయాలి. తెలుగు మీడియంలో చదువుకున్నవాడైతే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మేలు. 1982 నుంచి తెలుగులో పాఠాలు రాయిస్తున్న సంస్థ అది. ఇంగ్లిష్ లేదా హిందీ బాగా వస్తే ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చూడండి, చాలా కోర్సులకు ఖైదీల దగ్గర ఫీజు తీసుకోదు. బీఎస్సీ వద్దు, ప్రాక్టికల్స్ దగ్గర ఆగిపోతుంది. బీఏ, బీకాం నయం.

అసలు చిక్కు ఓటీపీతో. ఇప్పుడు దూరవిద్య అడ్మిషన్‌కు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు) కావాలి. రెండింటికీ ఆధారే మూలం, ఓటీపీ ఆధార్‌కు లింకైన నంబరుకే వస్తుంది. జైల్లో ఫోన్ ఉండదు. నెలల తరబడి రీఛార్జ్ లేకపోతే నంబరు రద్దయి వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. సిమ్ మీ దగ్గరుంటే ఇవాళే రీఛార్జ్ చేయించండి. ఫోన్ పోలీసుల దగ్గరుండి, సిమ్ మీ పేరు మీదుంటే డూప్లికేట్ తీసుకోండి. నంబరు పోయిందా, కొత్తది లింక్ చేయాలంటే ఆయన వేలిముద్ర కావాలి. జైల్లోనే ఆధార్ నమోదు ఏర్పాటు చేయమని అర్జీలోనే అడగాలి. ఈ ఏర్పాటు ప్రతి సెంట్రల్ జైల్లో ఏటా అడ్మిషన్లకు ముందే జరగాలి. చదవాలనున్న మనిషి ఒక్క మెసేజ్ కోసం ఏడాది పోగొట్టుకోవడం అన్యాయం.

ఇంటర్ మెమో తీసి ఆధార్ పక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, రెండోదాంట్లో పొడి అక్షరం ఉంటే దరఖాస్తు వెనక్కొస్తుంది. మెమో పోతే నాంపల్లి ఇంటర్ బోర్డులో డూప్లికేట్‌కు పెట్టండి.

ఇగ్నోలో అసైన్‌మెంట్లకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. డిగ్రీలో రెండింట్లోనూ విడివిడిగా నూటికి 35 మార్కులు రావాలి. అసైన్‌మెంట్ చేత్తో రాయాలి. పై పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్ తప్పనిసరి. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకొమ్మని ములాఖత్‌లో గుర్తుచేయండి. రసీదు లేకపోతే మార్కులు ఎక్కనప్పుడు అడిగే దారుండదు.

మధ్యలో బెయిల్ వస్తే ఎన్‌రోల్‌మెంట్ నంబరు, గుర్తింపు కార్డు, రసీదులు వెంట తెచ్చుకోమనండి. చాలామంది వాటిని బ్యారక్‌లోనే వదిలేసి వస్తారు. బయటికొచ్చిన వారంలోనే, పరీక్ష ఫారం నింపకముందే, స్టడీ సెంటర్‌ను జైలు నుంచి ఇంటి దగ్గరికి మార్చమని రాతపూర్వకంగా అడగాలి.